బంతికి భయపడి వెనక్కి జరిగే అమ్మాయిని బ్యాటింగ్‌లో ఎలా నిలబెట్టాలి?

గుత్తి నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది: "మా అమ్మాయి ఏడో తరగతి. స్కూల్లో సాఫ్ట్‌బాల్ (బేస్‌బాల్ లాంటి ఆట) ఆడుతోంది. నెల క్రితం ప్రాక్టీసులో బంతి మోచేతి పైభాగంలో తగిలింది. ఎముకకు ఏమీ కాలేదు. కానీ అప్పటి నుంచి పిచర్ (బంతి విసిరే అమ్మాయి) చెయ్యి తిప్పగానే వెనక్కి జరిగిపోతోంది. ధైర్యంగా నిలబడమని కోచ్ కేకలేస్తున్నారు. ఆట మాన్పించమని మా అమ్మ గొడవ చేస్తోంది. ఏం చేయాలి మేడమ్?"

ముందుగా మీ అమ్మగారికీ, కోచ్‌కూ ఒకే మాట చెప్పండి: పాప భయపడటంలో తప్పేమీ లేదు. చుట్టుకొలత పన్నెండు అంగుళాలుండే సాఫ్ట్‌బాల్ 178 నుంచి 198 గ్రాముల దాకా బరువుంటుంది. పురుషుల క్రికెట్ బంతి కూడా 163 గ్రాములు దాటదు. అంత బరువైన బంతి నేలను తాకకుండా నేరుగా నడుము ఎత్తులో దూసుకొస్తుంటే పక్కకు తప్పుకోవాలనిపించడం ఒంటికి సహజంగా ఉన్న తెలివి. కేకలేస్తే ఆ తెలివి ఎక్కడికీ పోదు. పైగా బంతి భయానికి కేకల భయం తోడవుతుంది. అసలు "ధైర్యంగా నిలబడు" అన్న మాటలో పిల్ల నేర్చుకోవడానికి ఏముంది? పాదం ఎక్కడ పెట్టాలో, భుజం ఎటు తిప్పాలో, చూపు ఎక్కడ నిలపాలో చెబితే నేర్చుకుంటుంది.

నేను వ్యాయామ ఉపాధ్యాయురాలిని. అనంతపురం జిల్లాలో చాలా ఏళ్లుగా ఆడపిల్లలతో సాఫ్ట్‌బాల్ ఆడిస్తున్నాను. బంతి నుంచి తప్పుకోవడం రాని పిల్ల బంతికి ఎదురుగా నిలబడదు. మన దగ్గర మొదటి రోజే చేతికి బ్యాటు ఇచ్చి కొట్టడం నేర్పుతారు. మీదికి వచ్చే బంతిని ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు, తగిలిన రోజు దాకా.

అయితే వెనక్కి జరగడమంతా భయమే అనుకోకండి. మన పిల్లలు వీధిలో టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడి పెరిగినవాళ్లు. గట్టిగా కొట్టడానికి లెగ్ వైపు జరిగి చోటు చేసుకోవడం అక్కడ మామూలు. ఆ అలవాటు ఇక్కడికి వస్తే చూసేవాళ్లకు భయంలాగే కనిపిస్తుంది. తేడా తెలుసుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. బంతిని స్టాండు మీద పెట్టి కొట్టించండి. స్టాండు కొనాల్సిన పని లేదు, నడుము ఎత్తు ప్లాస్టిక్ పైపు కొసకు సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, కింద బరువు పెడితే చాలు. ప్లేటు (బ్యాటర్ పక్కన నేల మీద ఉండే పలక) దగ్గర మట్టిని చదును చేసి, వెనక మడమ నుంచి పిచర్ వైపు ముగ్గుపిండితో ఒక గీత గీయండి. కొట్టాక ముందు పాదం ముద్ర ఎక్కడ పడిందో పాపనే చూడమనండి. మన ఎర్రమట్టి ఈ పనికి బాగా పనికొస్తుంది, ముద్ర స్పష్టంగా పడుతుంది. కదలని బంతికి కూడా పాదం గీత దాటి వెనక్కి పడితే అది క్రికెట్ అలవాటు. వారం పది రోజులు గీత చూసుకుంటూ ఆడితే సర్దుకుంటుంది. స్టాండు దగ్గర సరిగ్గా పడుతూ, మనిషి విసిరినప్పుడు మాత్రమే జరిగితే అది భయం. కొందరు కోచ్‌లు జరగకుండా కాలి వెనక ఇటుకలు పేరుస్తారు. దయచేసి ఒప్పుకోకండి. మడమ బెణికితే ఒక భయం రెండవుతుంది.

మరొక కారణం చూపు. బంతి ఆలస్యంగా కనిపించే పిల్ల ఆలస్యంగానే ఉలిక్కిపడుతుంది. బోర్డు మీది అక్షరాలకు కళ్లు చికిలిస్తోందేమో క్లాస్ టీచరును అడగండి. ఏ మాత్రం అనుమానమున్నా కంటి డాక్టరుకు చూపించండి. అద్దాలు అవసరమైతే గాజువి వద్దు, పగలని పాలీకార్బోనేట్ అద్దాలు రాయమనండి.

మైదానాన్నీ ఒకసారి పరిశీలించండి. కొత్తగా కొన్నప్పుడు పసుపుపచ్చగా మెరిసే బంతి మన నేలల్లో కొన్ని రోజులకే మట్టిరంగుకు తిరుగుతుంది. ఎర్ర నేల మీద ఎర్రబడిన బంతిని కనుక్కోవడం పెద్దవాళ్లకే కష్టం. తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టి వాడమని చెప్పండి. పిచర్ వెనక సున్నం కొట్టిన ప్రహరీ గోడ ఉంటే ప్లేటును మరో వైపుకు మార్చమని అడగండి. సాయంత్రం ప్రాక్టీసులో బ్యాటర్ ముఖానికి పడమటి ఎండ కొట్టకూడదు. బ్యాటర్ చూపు తూర్పు, ఈశాన్యాల మధ్యకు ఉండేలా ప్లేటు వేయడం ఈ ఆటల్లో పాత పద్ధతే. మన స్కూళ్లలో మాత్రం చెట్టు నీడ ఎక్కడుంటే ప్లేటు అక్కడ పడుతుంది!

ఇక అసలు పాఠం, తప్పుకోవడం. మీ పాప కుడిచేతి బ్యాటర్ అనుకుని చెబుతున్నాను. ప్లేటు దగ్గర నిలబడితే పిచర్ ఆమెకు ఎడమ వైపు, క్యాచర్ (ప్లేటు వెనక కూర్చుని బంతి పట్టే అమ్మాయి) కుడి వైపు ఉంటారు. బంతి మీదికి వస్తోందని తెలియగానే పిల్లలు సాధారణంగా ఛాతీని పిచర్ వైపు తిప్పి, చేతులు ముఖానికి అడ్డం పెట్టి వెనక్కి గెంతుతారు. ముఖం, ఛాతీ, పొట్ట, వేళ్లు, అంటే మెత్తనివీ సున్నితమైనవీ అన్నీ బంతికి ఎదురవుతాయి. నేర్పాల్సింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఎడమ భుజాన్ని లోపలికి మడిచి, ఒంటిని క్యాచర్ వైపు తిప్పాలి. గడ్డం ఛాతీకి ఆనించి, తాబేలులా తల లోపలికి లాక్కుని, నడుము కొద్దిగా వంచాలి. బ్యాటును కిందికి దించి పొట్ట దగ్గరకు తెచ్చుకోవాలి. అప్పుడు బంతి తగిలినా వీపుకో, పిరుదుకో, తొడ వెనక కండకో తగులుతుంది. మంట పుడుతుంది, కాసేపటికి తగ్గుతుంది. బంతి ఎటు వస్తోందో చూద్దామని మధ్యలో తల మళ్లీ ఎత్తకూడదు. పాదాల మీదికి వచ్చే బంతికి తిరగడం అవసరం లేదు, గెంతితే చాలు.

బ్యాటును దించడం గురించి ఇంకో మాట చెప్పాలి. నేను చూసిన బాధాకరమైన దెబ్బలు ఎక్కువగా వేళ్లకే తగిలాయి. బంతికీ బ్యాటుకూ మధ్య వేలు నలిగితే ఆ నొప్పి పిల్లలు మరచిపోరు. బంట్ (బ్యాటు ఊపకుండా బంతికి అడ్డం పెట్టి మెల్లగా తాకించడం) ఆడేటప్పుడు కూడా పై చేతి వేళ్లు బ్యాటు ముందు వైపుకు రాకూడదు. బొటనవేలు, చూపుడువేలు వెనక నుంచి చిటికెలా పట్టుకోవాలి. అసలు బంట్ చేతకాకముందే పిల్లలతో ఆడించే కోచ్‌లంటే నాకు కోపం.

ఈ తిరగడాన్ని మొదట బంతి లేకుండా, బ్యాటు లేకుండా చేయించండి. ఇంటి ముందు చేయవచ్చు. మీరు "లోపలికి" అనగానే తిరగాలి, "ఆడు" అంటే ఊరికే చేతులు ఊపాలి. ఏ మాట వస్తుందో ముందుగా తెలియకూడదు. అది ఆలోచించకుండా వచ్చేదాకా చేయించాక పాత సాక్సులు ఉండగా చుట్టి ఆరేడు అడుగుల దూరం నుంచి ఆమె మీదికే వేయండి. నవ్వుతుంది. నవ్వనివ్వండి. తన మీదికి వచ్చేదాన్ని చూసి పిల్ల నవ్వడమే మనకు కావలసింది. తర్వాత టెన్నిస్ బంతి. కొన్నింటిని ప్లేటు మీదికి, కొన్నింటిని ఒంటి మీదికి, వరస తెలియకుండా విసరండి. హెల్మెట్ పెట్టుకునే ఉండాలి. టెన్నిస్ బంతి కంటికి తగిలితే అదీ ప్రమాదమే.

ఇక్కడే ఒక హెచ్చరిక. "నాలుగు బంతులు గట్టిగా తగిలిస్తే భయం అదే పోతుంది" అనేవాళ్లు మీకు తప్పక ఎదురవుతారు. దెబ్బకు దెయ్యం వదులుతుందనే నమ్మకం మన మైదానాల్లో ఇంకా బతికే ఉంది. నిజమైన సాఫ్ట్‌బాల్‌ను కావాలని పిల్ల మీదికి విసిరే కోచ్ దగ్గర మీ అమ్మాయిని ఒక్క రోజు కూడా ఉంచకండి. మెత్తని బంతితో, ఆమెకు ముందే చెప్పి, ఆమె ఒప్పుకున్నాక చేసేది వేరు. ఇది వేరు.

తిరగడం ఒంటికి పట్టాక కంటి పని మొదలుపెట్టాలి. పెద్ద అమ్మాయిల ఆటలో పిచర్‌కూ ప్లేటుకూ మధ్య దూరం 43 అడుగులు, అంటే 13.11 మీటర్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో విసిరిన బంతి ఆ దూరం దాటడానికి ముప్పావు సెకను కంటే కొంచెం ఎక్కువ పడుతుంది. పిచర్ ముందుకు అడుగేసి వదులుతుంది కాబట్టి నిజానికి అంత సమయం కూడా ఉండదు. భయపడిన పిల్ల ఆ కాస్త సమయాన్నీ తిరిగే చేతిని చూడటానికే ఖర్చు పెట్టేస్తుంది. చెయ్యి గుండ్రంగా తిరుగుతుంటే కళ్లు దాని వెంట పోతాయి. బంతి ఎక్కడ వదిలిందో తెలియదు, తెలిసేసరికి మీదికి వచ్చేసి ఉంటుంది. పిచర్ చెయ్యి తిప్పడం మొదలుపెట్టినప్పుడు ఆమె టోపీ వైపో ఛాతీ వైపో తేలికగా చూడమనండి. చెయ్యి కిందికి దిగుతుండగా చూపును పిచర్ తుంటి పక్కకు తేవాలి. బంతి చేతిని వదిలేది అక్కడే.

దీనికి నాకు తెలిసిన మంచి సాధన ఏమిటంటే, బ్యాటు పట్టుకుని నిలబడాలి కానీ ఊపకూడదు. టెన్నిస్ బంతుల మీద స్కెచ్ పెన్నుతో ఎరుపు, నీలం, నలుపు చుక్కలు పెద్దవిగా పెట్టండి. బంతి వస్తుండగా చుక్క రంగు పైకి చెప్పాలి. రంగు వెతుక్కునే కళ్లకు భయపడే తీరిక తక్కువ. రంగు సరిగ్గా చెప్పడం అలవాటయ్యాక "ఆడతా", "వదిలేస్తా", "లోపలికి" అనే మూడు మాటల్లో ఏదో ఒకటి చెప్పమనండి. బంతి ఎటు పోతుందో ముందే పసిగట్టగలనన్న నమ్మకం వచ్చిన పిల్ల వేరే పిల్లలా ఉంటుంది. దాదాపు అన్ని బంతులూ తన మీదికి రావడం లేదని ఆమెకు అప్పుడే మొదటిసారి తెలుస్తుంది. అంతవరకూ ఆమె దృష్టిలో ప్రతి బంతీ మోచేతి మీదికే.

తర్వాత అసలు బంతి. మొదట 15 లేదా 20 అడుగుల దూరం నుంచి కింది చేత్తో నెమ్మదిగా వేయాలి. వేసేవాళ్లు తెర వెనక ఉండాలి, ఎందుకంటే కొట్టిన బంతి తిరిగి వచ్చేది వాళ్ల మీదికే. స్కూలు వాలీబాల్ నెట్ ఒక్క వరస కట్టి సరిపెట్టుకోకండి. దాని గడి 10 సెంటీమీటర్లు, సాఫ్ట్‌బాల్ అడ్డుకొలత సుమారు 9.7. బంతి దర్జాగా దూరి వస్తుంది. గడులు ఒకదానికొకటి తప్పేలా రెండు మూడు మడతలు వేయండి, లేదా చేపల వల కట్టండి. తర్వాత కొద్దికొద్దిగా దూరం, వేగం పెంచాలి. చివర్లోనే నిజమైన పిచర్ రావాలి, అదీ జట్టులో నిలకడగా వేసే అమ్మాయి. నేర్చుకుంటున్న పిచర్‌కు ఎదురుగా భయపడిన బ్యాటర్‌ను నిలబెట్టడం ఇద్దరికీ అన్యాయమే. కొద్ది రోజులు బ్యాటర్స్ బాక్స్‌లో (బ్యాటర్ నిలబడటానికి గీసిన గడిలో) వెనక గీత దగ్గర నిలబడమనండి. బాక్స్ పొడవు ఏడు అడుగులు. ఆ 60 కిలోమీటర్ల వేగానికే ఒక మీటరు వెనక్కి పోతే కంటికి 0.06 సెకను మిగులుతుంది. వినడానికి కొంచెమే, ఆడేవాళ్లకు చాలా.

ఎప్పుడు తర్వాతి మెట్టు ఎక్కాలన్నది మీరూ కోచ్ కాకుండా పాపే చెప్పాలి. "భయం పదికి ఎంత?" అని అడగండి. ఏడు అంటే ఆ మెట్టు మీదే ఉండండి, మూడుకు దిగాక ముందుకు కదలండి. ఏదైనా రోజు ఎనిమిదికి ఎగబాకితే నిస్సంకోచంగా టెన్నిస్ బంతికి తిరిగి రండి. కానీ "కొన్నాళ్లు బ్యాటింగ్ ఆపేద్దాం" అని మాత్రం అనకండి. ఆపిన రోజుల్లో భయం తగ్గదు, ఊహల్లో ఇంకా పెరుగుతుంది. వారంలో నాలుగైదు రోజులు, రోజుకు పదిహేను ఇరవై నిమిషాలు చాలు. సాయంత్రం చీకటి పడేదాకా లాగకండి.

సామగ్రి విషయానికి వస్తే హెల్మెట్ ముఖ్యం. రెండు చెవులనూ కప్పేది, ముందు ముఖానికి ఇనుప కడ్డీల అడ్డు ఉన్నది కావాలి. స్కూల్లో ఒకటో రెండో ఉండి అందరూ వంతులవారీగా పెట్టుకుంటారని నాకు తెలుసు. అది తలకు వదులైతే, తిరిగినప్పుడు కళ్ల మీదికి జారి పిల్లను మరింత భయపెడుతుంది. గడ్డం పట్టీ బిగించాలి. పగులు ఉన్న హెల్మెట్ పక్కన పడేయాలి. ఎవరూ చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. రెండు జడలు వేసి రిబ్బన్లతో పైకి మడిచి కడితే ఏ హెల్మెట్టూ తల మీద కూర్చోదు. ప్రాక్టీసు రోజుల్లో మెడ దగ్గర ఒకే జడ వేయమని ఇంట్లో చెప్పండి. స్కూలు నియమం అడ్డొస్తే హెడ్మాస్టర్‌తో మాట్లాడటం మీ పని. మోచేతికి దెబ్బ తగిలింది కాబట్టి కొన్నాళ్లు మోచేతి ప్యాడ్ పెట్టుకుంటే మనసుకు నెమ్మది. పరువు తక్కువేమీ కాదు.

నియమం కూడా పాపకు తెలియాలి. బంతి తగిలితే అవుటవుతామని అనుకునే పిల్లలు ఉన్నారు. స్ట్రైక్ జోన్ (ప్లేటు మీద, కొట్టదగిన ఎత్తులో ఉండే చోటు) బయట వచ్చిన బంతికి బ్యాటు ఊపకుండా, తప్పుకోవడానికి ప్రయత్నించినా తగిలితే అంపైర్ డెడ్ బాల్ అని చెప్పి, అంటే ఆట ఆపి, ఫస్ట్ బేస్ (పరుగు దారిలో మొదటి మజిలీ) ఇస్తారు. ఊపినప్పుడు తగిలితే అది స్ట్రైక్, అంటే బ్యాటర్ తప్పు కింద లెక్క. కావాలని ఒళ్లు అడ్డం పెడితే బేస్ ఇవ్వరు.

మీ అమ్మగారి గొడవ సంగతి. "ఆడపిల్ల, ముఖం మీద దెబ్బ తగిలితే రేపు ఎలా?" అన్నదే అసలు మాట అయి ఉంటుంది. ఇలాంటి మాటలు చాలా ఇళ్లలో విన్నాను. వాదించకండి. ఆమెను ఒక సాయంత్రం మైదానానికి తీసుకెళ్లి, ముఖం అడ్డు ఉన్న హెల్మెట్ చేతికి ఇచ్చి, మనవరాలు ఎలా తిరుగుతుందో చూపించండి. ఒప్పుకుంటారని హామీ ఇవ్వలేను. చూడకుండా భయపడటం కంటే చూసి భయపడటం నయం. పాప ముందు మాత్రం "ఏమీ కాదు, తగలదు" అనకండి. తగులుతుంది. ఈ ఆట ఆడే ప్రతి అమ్మాయికీ ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది. "తగిలితే నొప్పి పుడుతుంది, ఎలా తిరగాలో నీకు వచ్చు" అనండి. అన్నతమ్ముళ్లు వెక్కిరిస్తుంటే వాళ్లనూ ఒకసారి హెల్మెట్ పెట్టి పిచర్ ముందు నిలబెట్టండి. ఆ వెక్కిరింత అక్కడితో ఆగుతుంది.

దెబ్బ తగిలిన రోజు ఏం చేయాలో ముందే తెలిసి ఉంటే ఇంట్లో కంగారు తగ్గుతుంది. కండకు తగిలితే మంచును గుడ్డలో చుట్టి పదిహేను నిమిషాలు పెట్టండి, కొన్ని గంటలకు మళ్లీ పెట్టండి. మొదటి రెండు రోజులు వేడి కాపడం, బామ్ రాసి రుద్దడం వద్దు, వాపు పెరుగుతుంది. వేలు వంగకపోయినా, ఎముక మీద నొక్కితే ప్రాణం పోయినట్టున్నా ఎక్స్‌రే తీయించండి. తలకు తగిలితే, హెల్మెట్ ఉన్నా సరే, ఆ రోజు ఆట ముగిసినట్టే. తలనొప్పి, వాంతి, మగత, తికమకగా మాట్లాడటం ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఛాతీ మధ్యలో బలంగా తగిలి పిల్ల కుప్పకూలితే మాత్రం ఒక్క క్షణం కూడా ఆగకూడదు. గుండె లయ తప్పి ఉండవచ్చు. ఇది చాలా అరుదు. కానీ 108కి ఫోను చేయించి, ఆంబులెన్స్ వచ్చేదాకా ఛాతీ నొక్కుతూ ఉండాల్సింది అక్కడ ఉన్నవాళ్లే. అలా నొక్కడం తెలిసినవాళ్లు మైదానంలో ఒకరైనా ఉన్నారా అని కోచ్‌ను అడిగే హక్కు మీకుంది.

ఎంత కాలం పడుతుందని అడుగుతారేమో. ఒక్కసారే తగిలి, ఎముక విరగకపోతే నెలా నెలన్నరలో చాలామంది పిల్లలు మళ్లీ మామూలుగా ఆడతారు. మధ్యలో ఒకటి రెండు చెడ్డ రోజులు తప్పవు. ప్రాక్టీసులో కుదురుకున్న పిల్ల మ్యాచ్‌లో మళ్లీ జరిగితే కంగారు పడకండి, కొత్త పిచర్‌ను చూస్తే అనుభవమున్న వాళ్లకూ అలాగే ఉంటుంది. మొదటి మ్యాచ్‌లో పరుగులు అడగకండి. ముందు పాదం గీత మీద పడిందా, బంతిని చేతిని వదిలినప్పటి నుంచి చూసిందా, ఈ రెండే అడగండి. అవుటై వచ్చినా ఈ రెండూ జరిగి ఉంటే మెచ్చుకోండి.

ఇంకొకటి, మ్యాచ్ రోజు మీరు ప్లేటు వెనక జాలీ పట్టుకుని నిలబడి "భయపడకు తల్లీ" అని అరవకండి. మరచిపోయినదాన్ని మీరే గుర్తుచేసినట్టవుతుంది. థర్డ్ బేస్ వైపు వెళ్లి కూర్చోండి. కుడిచేతి బ్యాటర్ వీపు అటు ఉంటుంది కాబట్టి ఆమె మీకు కనిపిస్తుంది, మీరు ఆమెకు కనిపించరు. అటువైపు ఫౌల్ బంతులు (కొట్టాక గీత బయటికి పోయేవి) వస్తుంటాయి, ఫోను చూస్తూ కూర్చోకండి.